ఉబ్బసం, కీళ్లవాతం, ఇమ్యూనిటీ పొడులు: అపోహలు - వాస్తవాలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి రావడం మొదలైన నాటి నుంచి మిర్చి ఘాటు తగ్గే దాకా, హనుమకొండలోని మా ఓపీకి దమ్ముతో వచ్చేవారూ కీళ్ల వాపులతో వచ్చేవారూ నన్ను అడిగేది ఒకటే: "సార్, ఇమ్యూనిటీ తక్కువైతేనే గదా ఇది వచ్చింది, అది పెరిగే మందేదన్నా రాయరాదు?" కరోనా తర్వాత ఈ మాట చేరని ఇల్లు లేదు. మిగతా అపోహలు చాలావరకు డబ్బుతో పోతాయి, ఇది మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది కనుక ముందుగా దీని సంగతే చెబుతాను.

ఉబ్బసం గానీ, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం గానీ, చర్మం, కీళ్లు, కిడ్నీల మీద పడే లూపస్ గానీ రోగనిరోధక వ్యవస్థ నీరసించి వచ్చే జబ్బులు కావు. అలర్జీ ఉబ్బసంలో, మనకు ఏ హానీ చేయని పుప్పొడిని చూసి కూడా టీ కణాలనే కొన్ని తెల్ల రక్తకణాలు ఇంటర్‌ల్యూకిన్ 4, 5, 13 అనే సంకేతాలను విడుదల చేస్తాయి; వాటి ప్రేరణతో ఐజీఈ ప్రతిరక్షకాలు తయారై, ఇయోసినోఫిల్ కణాలు శ్వాసనాళాల గోడల్లో గుమిగూడి, నాళాలు వాచి ఇరుకవుతాయి. రుమటాయిడ్‌లో అదే వ్యవస్థ కీళ్ల లోపలి పొరపై దాడి చేస్తుంది. అతిగా పనిచేస్తున్నదాన్ని ఇంకా పెంచమని అడగడం ఎంతవరకు సబబో మీరే ఆలోచించండి.

2025లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఈ విషయంపై జరిగిన పరిశోధనకే వచ్చింది. టీ కణాలు పరిణతి చెందే థైమస్ గ్రంథిని, పుట్టిన మూడో రోజున ఎలుక పిల్లల నుంచి తీసివేస్తే వాటి నిరోధక శక్తి చచ్చుబడాలి కదా. తీరా చూస్తే వాటికి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే నిరోధక వ్యవస్థ సొంత ఒంటిపైనే దాడి చేసే జబ్బులు వచ్చాయి. షిమోన్ సకగుచి ఈ చిక్కును పట్టుకుని, తోటి కణాలకు కళ్లెం వేసే ప్రత్యేకమైన టీ కణాలు ఉన్నాయని 1995లో నిరూపించారు. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో, ఆ కణాలను నడిపించే ఫాక్స్‌పీ3 అనే జన్యువును గుర్తించారు. అది దెబ్బతిన్న పిల్లలకు ఐపెక్స్ అనే తీవ్రమైన జబ్బు వస్తుంది. ఆ పిల్లల్లో టైప్ 1 మధుమేహం వంటి ఆటోఇమ్యూన్ సమస్యలతోపాటు ఎగ్జిమా, పెరిగిన ఐజీఈ కూడా కనిపిస్తాయి. ఆటోఇమ్యూన్ జబ్బులకూ అలర్జీకీ మధ్య ఎంత దగ్గరి చుట్టరికం ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది. తీవ్రమైన ఉబ్బసానికి ఇచ్చే ఒమాలిజుమాబ్ ఐజీఈని, మెపోలిజుమాబ్ ఇంటర్‌ల్యూకిన్ 5ను అడ్డుకుంటాయి. కీళ్లవాతానికి ఇచ్చే అడాలిముమాబ్, వాపును రగిలించే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకుంటుంది, క్షయను అదుపులో ఉంచడానికీ అదే కావాలి, అందుకే ఈ మందు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్షలు చేయిస్తాం. వీటిలో ఇమ్యూనిటీని పెంచే మందు ఒక్కటీ లేదు.

నిజానికి బజారులో దొరికే చాలా పొడులు దేన్నీ పెంచవు, తగ్గించవు. వాటిని నమ్మి అసలు మందు మానేయడం వల్ల ఒక నష్టమైతే, వాటిలో ఏం కలిసిందో తెలియకపోవడం వల్ల జరిగేది మరో నష్టం. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక అక్క, రక్తం చెడిపోతుందని భయపడి కీళ్లవాతం మాత్రలు మానేసి, ఊరూరా తిరిగి అమ్మే మనిషి దగ్గర పొడి కొన్నది. స్టేప్లర్ పిన్ను కొట్టిన ప్లాస్టిక్ పొట్లం, పైన పేరు లేదు, పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా. వారంలో వాపు దిగింది. కొన్ని నెలలకు ముఖం గుండ్రంగా ఉబ్బింది, గాజులు తగిలిన చోటల్లా చర్మం కమిలి నల్లబడింది. అమ్మే మనిషి రావడం మానేశాక పొడి అయిపోయింది. తర్వాత కొద్ది రోజులకే వాంతులతో, పడిపోయిన బీపీతో ఆమెను తీసుకొచ్చారు. ఒళ్లు సొంతంగా తయారుచేసుకునే స్టిరాయిడ్ అయిన కార్టిసాల్ రక్తంలో దాదాపు అడుగంటింది. బయటి నుంచి స్టిరాయిడ్ నెలల తరబడి అందితే ఇలా అవుతుంది. ఆ పొడిలో స్టిరాయిడ్ కలిసి ఉండడం తప్ప దీనికి నాకు మరో కారణం కనిపించలేదు. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్లతో కోలుకున్నది గానీ, ఆ నెలల్లో వంకర తిరిగిన వేళ్లు మళ్లీ తిన్నగా కాలేదు. భయపడినందుకు ఆమెను తప్పుపట్టలేను. పొట్లం మీద పేరైనా రాయకుండా అమ్మినవాడి మీదే నా కోపం.

ఇక ఉబ్బసానికి పీల్చే పంపు (ఇన్‌హేలర్) విషయం. అది అలవాటై ప్రాణాన్ని పట్టుకుంటుందన్న మాటలో నిజం లేదు. బుడెసోనైడ్ అనే స్టిరాయిడ్ పంపులో ఒక మోతాదు సాధారణంగా 200 మైక్రోగ్రాములు. దమ్ము ముదిరాక మింగవలసి వచ్చే స్టిరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండు మందులూ ఒకటి కావు, ఒకటి ఊపిరితిత్తులకు నేరుగా చేరితే మరొకటి ఒళ్లంతా తిరుగుతుంది. ఆ తేడా అర్థం కావడానికే ఈ లెక్క చెబుతున్నాను. ఉపశమనమిచ్చే నీలిరంగు పంపు ఒక్కదానితోనే నెట్టుకురావద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. సంబంధం చెడిపోతుందేమోనని ఆడపిల్ల పంపును బీరువాలో దాచే తల్లుల ఆందోళన నాకు తెలుసు, కానీ పెళ్లిచూపుల నాడే పిల్లకు దమ్ము లేస్తే ఆ బీరువా తాళం వెతకవలసి వస్తుంది. మృగశిర కార్తె నాడు చేప ప్రసాదానికి హైదరాబాద్ వెళ్లేవారితో నేను వాదన పెట్టుకోను. వరుసలో నిలబడినప్పుడు జేబులో పంపు ఉంచుకోండి, తిరిగొచ్చాక మానకండి. దమ్ము అంటువ్యాధి కాదు. ఇక ఏఎన్ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన లూపస్ ఉన్నట్టు కాదు, ఆరోగ్యవంతుల్లోనూ అది కనిపిస్తుంది.

చివరగా, కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారు దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మిగతా మాత్రలతోపాటు రోజూ మింగితే నోరంతా పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణాపాయం కలుగుతుంది. అందుచేత వారంలో ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరును డాక్టరు చేత చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకుని, మందుల షాపులో స్ట్రిప్ మీద కూడా రాయించుకోండి.