తాళం తన దగ్గరే, ఎదురుచూపూ తనదే

మా సర్వర్ ప్రోగ్రామ్ ఒకటి ఆపమంటే ఒక్కోసారి ఆగేది కాదు. వందసార్లు మామూలుగా ఆగి, నూట ఒకటోసారి బిగుసుకుపోయేది. సీపీయూ వాడకం సున్నా. లాగ్‌లో ఒక్క ముక్క ఉండేది కాదు. నా ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు నడిపినా బుద్ధిగా ఆగిపోయేది. చివరికి బిగుసుకున్నప్పుడే జీడీబీ అనే డీబగ్గర్ (తప్పులు వెతికే పరికరం) తగిలించి, థ్రెడ్లన్నిటి (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనుల) స్టాక్, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరస, తీశాను. మెయిన్ థ్రెడ్ స్టాక్‌ను కింది నుంచి పైకి చదివితే ఇదీ వరస: రిక్వెస్ట్ అందుకుంది, మెమరీ ఇచ్చే మాలాక్ ఫంక్షన్‌ని పిలిచింది, అంతలో ఆగమని చెప్పే సిగ్నల్ వచ్చింది. ఆపైన సిగ్నల్ వస్తే నడవాలని మేం రాసిన హ్యాండ్లర్ ఫంక్షన్, "ఆపేస్తున్నాం" అని లాగ్ రాసే ఫంక్షన్, దానిపైన మళ్లీ మాలాక్. అన్నిటికన్నా పైన, తాళం కోసం ఎదురుచూపు.

ఆ తాళం ఎవరి దగ్గరుంది? ఆ థ్రెడ్ దగ్గరే! చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

మెమరీ లెక్కలు థ్రెడ్లన్నీ కలిసి వాడుకునేవి కాబట్టి మాలాక్ ముందుగా తాళం (లాక్) వేసుకుని పని మొదలుపెడుతుంది. సిగ్నల్ రాగానే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఆ థ్రెడ్‌ను ఉన్నచోటే ఆపి, హ్యాండ్లర్‌ను అదే థ్రెడ్ మీద నడిపిస్తుంది. హ్యాండ్లర్ ముగిస్తేగానీ పాత పని కదలదు. పాత పని కదిలితేగానీ తాళం ఊడదు. సిగ్నల్ సరిగ్గా ఆ రెప్పపాటులో పడాలి కాబట్టే నా ల్యాప్‌టాప్‌లో దొరకలేదు. హ్యాండ్లర్‌లో పిలవదగ్గ ఫంక్షన్ల జాబితా లినక్స్ మాన్యువల్‌లోనే ఉంటుంది. రైట్ (write) ఫంక్షన్ అందులో ఉంది. మాలాక్, ప్రింట్‌ఎఫ్ లేవు. ఆ పేజీ నేను చదివింది మాత్రం బగ్ దొరికాకే.

అసలు యూనిక్స్‌లో సిగ్నళ్లు 1970ల నాటివి. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడిగా పోసిక్స్ థ్రెడ్ల ప్రమాణం వచ్చింది 1995లో. ఇంట్లో ఒక్కడే ఉన్న కాలంలో పెట్టుకున్న పద్ధతి, ఉమ్మడి కుటుంబానికి వచ్చేసరికి తికమకైంది. హ్యాండ్లర్ థ్రెడ్లన్నిటికీ ఒకటే, ఏ సిగ్నల్‌ను అడ్డుకోవాలన్నది ఎవరికి వాళ్లదే. సిగ్నల్ అనే ఉత్తరం ఇంటి మొత్తానికి, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కు (ప్రాసెస్‌కు) వస్తుంది. లినక్స్ ముందు మెయిన్ థ్రెడ్‌కు ఇవ్వబోతుంది, అది అడ్డుకుంటే మిగతావాళ్లలో ఒకరికి. 2003 డిసెంబరులో 2.6 కెర్నెల్ వచ్చేదాకా ఇదీ లేదు. అప్పటి లినక్స్‌లో ప్రతి థ్రెడ్‌కూ వేరే ప్రాసెస్ నంబరు ఉండేది. ఆ రోజుల్లో డీబగ్ చేసినవాళ్లకు దండం పెట్టాలి.

థ్రెడ్లు లేకపోతే గండం తప్పుతుందా అంటే, అదీ లేదు. భద్రతా సంస్థ క్వాలిస్ పరిశోధకులు 2024 జులై 1న బయటపెట్టిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ప్రోగ్రామ్) లోపం ఇలాంటిదే. కనెక్ట్ అయినవాళ్లు 120 సెకన్లలో లాగిన్ కాకపోతే అలారం సిగ్నల్ వస్తుంది. దాని హ్యాండ్లర్ లాగ్ రాసే సిస్‌లాగ్‌ను పిలిచేది, లినక్స్‌లో సిస్‌లాగ్ మాలాక్‌ను పిలిచేది. బిగుసుకుపోయినా నయమే. ఇక్కడ సగంలో ఆగిన మెమరీ లెక్కల మీదే మళ్లీ లెక్కలు పడేవి. దాన్ని వాడుకుని 32 బిట్ లినక్స్‌లో పరిశోధకులు రూట్ అధికారం, అంటే సిస్టమ్ మీద పూర్తి పెత్తనం, సంపాదించారు. సరిగ్గా ఆ రెప్పపాటును పట్టుకోవడానికి సగటున సుమారు 10,000 ప్రయత్నాలు, రూట్ దొరకడానికి మొత్తంగా 6 నుంచి 8 గంటలు పట్టింది. ఇంతకీ ఇది 2006లో ఒకసారి సరిచేసిన తప్పే. 2020లో లాగింగ్ కోడ్ సర్దుతున్నప్పుడు ఒక రక్షణ లైను ఎగిరిపోయి తిరిగొచ్చింది.

మా ప్రోగ్రామ్‌లో హ్యాండ్లర్‌నే తీసేశాను. థ్రెడ్లు పుట్టకముందే సిగ్నల్‌ను అడ్డుకుంటే, పుట్టేవన్నీ ఆ అడ్డును వారసత్వంగా తెచ్చుకుంటాయి. ఒక్క థ్రెడ్ మాత్రం సిగ్నల్ కోసం కాచుకునే సిగ్‌వెయిట్ ఫంక్షన్‌లో కూర్చుని, సిగ్నల్ రాగానే నింపాదిగా లాగ్ రాస్తుంది. ఇది పెట్టిన వారానికి ప్రోగ్రామ్ బిగుసుకోవడం మానేసింది గానీ, లాగ్ రాయకుండానే చచ్చిపోవడం మొదలుపెట్టింది. చూస్తే, మెయిన్‌లో (ప్రోగ్రామ్ మొదలయ్యే ఫంక్షన్‌లో) సిగ్నల్‌ను అడ్డుకునే నా లైను కన్నా పైన ఒక లైబ్రరీని మొదలుపెడుతున్నాం. అది చడీచప్పుడు లేకుండా తన థ్రెడ్ ఒకటి పుట్టించుకుంటోంది. దానికి ఏ అడ్డూ లేదు, సిగ్నల్ నేరుగా దానికే పోయి, హ్యాండ్లర్ లేక ప్రోగ్రామ్‌నే చంపేసింది. నా లైనును మెయిన్‌లో అన్నిటికన్నా పైకి జరిపాను.