ఏ కార్డు చూపిస్తే కేసుల్లేనట్టు?

ఆధార్ జిరాక్సులు తీసుకుని ఫైళ్లలో దాచుకునే పద్ధతికి చెక్ పెడుతూ కొత్త నిబంధన రాబోతోందని 2025 డిసెంబరులో ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ సీఈఓ భువనేశ్ కుమార్ చెప్పారు. హోటళ్లు, ఈవెంట్లు నడిపేవాళ్లు లాంటివారంతా యూఐడీఏఐ దగ్గర రిజిస్టర్ చేయించుకుని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసో యాప్ ద్వారానో మనిషిని సరిచూసుకోవాలన్నది దాని సారాంశం. హోటల్ గదుల సంగతి అలా ఉంచితే, దీంతో ఒక పాత పేచీ మళ్లీ బయటికొచ్చింది. పనిమనిషి, డ్రైవర్, వాచ్‌మన్, డెలివరీ కుర్రాడు... వీళ్లను పనిలోకి తీసుకునేటప్పుడు 'పోలీస్ వెరిఫికేషన్ కోసం' అంటూ తీసుకునే కాగితాల కట్ట మాటేమిటి? ఆ కట్టలో ఉన్న కార్డుల్లో ఏది చూస్తే ఆ మనిషి మీద కేసుల్లేవని తెలుస్తుంది?

ఆధార్ ఎలా వచ్చింది, సుప్రీంకోర్టులో ఎన్నేళ్లు నలిగింది అన్నది అందరికీ తెలిసిన కథే. ఇవాళ్టి గొడవకు మూలం అందులో లేదు. 2014 డిసెంబరు 5 రాత్రి ఢిల్లీలో జరిగిన ఘటనలో ఉంది.

ఆ రాత్రి ఉబర్ కారెక్కిన యువతిపై డ్రైవరే అత్యాచారం చేశాడు. రెండు రోజుల్లో మథురలో దొరికాడు. మర్నాటి నుంచి బయటపడిన సంగతులే దేశాన్ని ఎక్కువ కుదిపాయి. 2011లో అతను ఒక అత్యాచారం కేసులో అరెస్టయ్యాడు, తర్వాత నిర్దోషిగా బయటికొచ్చాడు. ఉత్తరప్రదేశ్‌లోని సొంత జిల్లా మైన్‌పురిలో వేరే కేసులున్నాయి. ఇన్ని ఉన్నా అతని చేతిలో ఢిల్లీ పోలీసులు ఇచ్చినట్టుగా ఒక క్యారెక్టర్ సర్టిఫికెట్ ఉంది. అది మేమిచ్చింది కాదు, ఫోర్జరీ అన్నారు పోలీసులు. కంపెనీ డ్రైవర్ల వెరిఫికేషన్ కోసం తమ దగ్గరికే రాలేదన్నారు. భారత్‌లో కమర్షియల్ లైసెన్సులిచ్చే పద్ధతిలో నేరచరిత్ర తనిఖీ అన్నదే సరిగ్గా లేదని, ప్రభుత్వంతో కలిసి ఏర్పాటు చేస్తామని కంపెనీ అధినేత ప్రకటించారు. ఢిల్లీలో ఉబర్‌ను నిషేధించారు. ఆ వారంలోనే హైదరాబాద్‌లోనూ ఆపమన్నారు. 2015 నవంబరులో ఆ డ్రైవర్‌కు యావజ్జీవ శిక్ష పడింది.

శిక్ష పడింది కాబట్టి కథ ముగిసిందనుకున్నారు. అసలు ప్రశ్న మాత్రం అక్కడే వదిలేశారు. ఆ సర్టిఫికెట్ ఫోర్జరీ కాకుండా అసలైనదే అయ్యుంటే ఏం జరిగేది? ఢిల్లీలో ఒక స్టేషన్ తన పరిధిలో ఉన్న రికార్డు చూసి ఇచ్చే కాగితం అది. మైన్‌పురి స్టేషన్ల రికార్డు దానికి కనపడాలంటే రెండు రాష్ట్రాల పోలీసు కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడాలి. అందుకోసమే సీసీటీఎన్ఎస్ అనే ప్రాజెక్టుకు కేంద్రం 2009లో రెండు వేల కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఘటన నాటికి ఐదేళ్లు దాటినా అది పూర్తి కాలేదు. ఆ సమాచారం మీద ఆధారపడిన డిజిటల్ పోలీస్ పోర్టల్‌ను 2017 ఆగస్టులో గానీ ప్రారంభించలేకపోయారు.

అంటే లోపం ఉన్నది పోలీసు రికార్డు వెతికే చోట. సర్దుబాటు మాత్రం కార్డులు చూపించే చోట జరిగింది. 2014 తర్వాత అందరూ చేసిన పని లిస్టు పెంచడం. లైసెన్సు, పాన్, ఆధార్, ఓటరు కార్డు, అడ్రస్ ప్రూఫ్, రెండు ఫొటోలు, తెలిసినవాళ్ల ఫోన్ నంబర్లు. లిస్టు పొడుగ్గా ఉంటే తనిఖీ గట్టిగా జరిగినట్టు ఒక ధీమా.

ఈ లిస్టు కింది స్థాయిలో ఎలా పనిచేస్తుందో చూస్తే తమాషాగా ఉంటుంది. శ్రీకాకుళం నుంచి వచ్చి హైదరాబాద్ బస్తీలో ఉంటూ నాలుగిళ్లలో పనిచేసే ఆవిడ ఆధార్‌లో ఊరి అడ్రసే ఉంటుంది. ఓటూ అక్కడే, రేషన్ కార్డూ అక్కడే. ఉంటున్న రేకుల గదికి అగ్రిమెంటు ఉండదు, కరెంటు బిల్లు ఓనరు పేరు మీద వస్తుంది. వెరిఫికేషన్ ఫారంలో ప్రస్తుత చిరునామా, శాశ్వత చిరునామా, ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఇరుగుపొరుగులో ఇద్దరి పేర్లు అని గళ్లుంటాయి. మొదటి గడికి ఆధారం చూపలేదు. రెండో గడికి చూపగలదు గానీ ఆ స్టేషన్ వందల కిలోమీటర్ల అవతల ఉంది. మూడో గడి గురించి కానిస్టేబుల్ అడిగితే పక్కింటావిడ ఏం చెబితే అదే. వీటిలో ఏ గడీ ఆవిడ మీద కేసుందో లేదో చెప్పదు. ఆవిడ ఎక్కడుంటుందో చెబుతుంది, అంతే.

పేర్ల సంగతి మరీ ఘోరం. వెతికేది పేరు, తండ్రి పేరుతో కాబట్టి తెలుగువాళ్లకు ఇదో ప్రత్యేకమైన తలనొప్పి. ఇంటిపేరు ఒక కార్డులో ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనకుంటుంది, మూడోదాంట్లో ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. వెంకటేశ్వర్లును ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులతో రాయొచ్చో మీసేవ సెంటర్‌లో ఆపరేటర్‌ను అడగాలి. పెళ్లయిన ఆడవాళ్లకు ఒక కార్డులో తండ్రి పేరు, ఇంకో కార్డులో భర్త పేరు. సూర్యనారాయణ కొడుకు అప్పారావు అని కొడితే ఉత్తరాంధ్రలో ఎంతమంది తగులుతారు? వాళ్లలో ఒకరి మీద కొట్లాట కేసుంటే, మిగతావాళ్లంతా ఆ అప్పారావు నేను కాదు బాబూ అని నిరూపించుకుంటూ తిరగాలి.

పోలీసుల దగ్గర పేరుకన్నా గట్టి గుర్తు ఒకటుంది, వేలిముద్ర. దాన్ని ఆధార్‌తో కలపాలన్న కోరిక బయటపడింది మన హైదరాబాద్‌లోనే. 2018 జూన్‌లో ఇక్కడ జరిగిన వేలిముద్రల విభాగాధిపతుల జాతీయ సదస్సులో జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీకి అప్పటి డైరెక్టర్ ఈశ్ కుమార్, తొలిసారి నేరం చేసినవాళ్లను పట్టుకోవడానికి, గుర్తు తెలియని శవాల వివరాలు తెలుసుకోవడానికి ఆధార్ డేటాను పరిమితంగా వాడుకోనివ్వాలని అడిగారు. మర్నాడే యూఐడీఏఐ కుదరదని చెప్పేసింది. నేరపరిశోధనకు ఆధార్ బయోమెట్రిక్స్ ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదని, ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదని ప్రకటన ఇచ్చింది. 2014లో గోవా కేసులో సీబీఐ అడిగినప్పుడూ వ్యక్తి లిఖితపూర్వక అనుమతి లేకుండా ఇవ్వొద్దని సుప్రీంకోర్టు ఆపింది.

ఆ నిరాకరణ సబబేనని ఈ రచయిత అభిప్రాయం. కోట్లమంది మామూలు జనం వేలిముద్రలను అనుమానితుల జాబితాలా వాడుకోవడం ఏ రకంగానూ మంచిది కాదు. కానీ దాని ఫలితం ఒకటుంది, దాన్ని ఎవరూ పైకి అనరు. ఆధార్ కార్డుకూ పోలీసు రికార్డుకూ మధ్య తీగ లేదు. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం పోయి 2022లో కొత్త చట్టం వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో నాఫిస్ అనే జాతీయ వేలిముద్రల వ్యవస్థ ప్రారంభమై, అరెస్టయినవాళ్లకు పది అంకెల నంబరు ఇవ్వడం మొదలైంది. ఆ పదంకెల నంబరు వేరు, ఆధార్ పన్నెండంకెల నంబరు వేరు. ఉద్యోగం అడిగే మనిషి రెండోది ఇస్తాడు, రికార్డు మొదటిదాని కింద ఉంటుంది. మధ్యలో వంతెన మళ్లీ ఆ పేరూ తండ్రి పేరే.

అమెరికాలో ఉంటూ కెనడా పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి పెట్టుకున్న మనవాళ్లను అడిగితే తేడా చెబుతారు. ఎఫ్‌బీఐ రికార్డు కావాలంటే పది వేళ్ల ముద్రలు ఇవ్వాలి. పాస్‌పోర్టు జిరాక్సులు ఎన్ని పంపినా ఆ పని జరగదు. అక్కడి పద్ధతి మనకూ కావాలని కాదు, అక్కడ అడిగేదానికీ వెతికేదానికీ సంబంధం ఉందని.

విదేశాలకు వెళ్లేవాళ్ల విషయంలో మాత్రం మన దగ్గరా ఒక గట్టి దారం ఉంది, పాస్‌పోర్టు నంబరు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌ను, అందరూ పీసీసీ అనేదాన్ని, పాస్‌పోర్టు ఆఫీసే ఇస్తుంది. టూరిస్టు వీసాకు ఇవ్వరు. ఉద్యోగానికి, దీర్ఘకాలం ఉండడానికి, స్థిరపడడానికి మాత్రమే. పాస్‌పోర్టులో ఉన్న అడ్రసూ ఇప్పుడుంటున్న అడ్రసూ ఒకటే అయితే పని తేలిక. మారితే మళ్లీ ప్రూఫులు, మళ్లీ స్టేషన్. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ కుర్రాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఊళ్లో తీసుకున్న పాస్‌పోర్టుతో నాలుగేళ్లు హైదరాబాద్‌లోనో ముంబైలోనో పనిచేసి ఉంటారు మరి.

గల్ఫ్ దేశాలు ఈ కాగితాన్ని ఎంత తేలిగ్గా అడిగాయో అంత తేలిగ్గానే వదిలేశాయి కూడా. 2018 ఫిబ్రవరి 4 నుంచి వర్క్ వీసాకు సత్ప్రవర్తన సర్టిఫికెట్ తప్పనిసరి అన్న యూఏఈ, రెండు నెలలు తిరక్కుండానే ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. 2022లో సౌదీ వీసాల కోసం పీసీసీకి జనం ఎగబడితే, సెప్టెంబరు 28 నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లో కూడా దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టారు. నవంబరు 17న సౌదీ రాయబార కార్యాలయం భారతీయులకు పీసీసీ అక్కర్లేదంది. అప్పటికే స్లాట్ల కోసం పడ్డ టెన్షన్, ఏజెంట్లకు పోసిన డబ్బు ఎవరూ వెనక్కివ్వలేదు.

దేశంలో పనిచేసేవాళ్లకు ఆ దారం కూడా లేదు. అందుకే కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఏజెన్సీల మీద ఆధారపడతాయి. కంపెనీల వాదన సూటిగానే ఉంటుంది. పోలీసు డేటా మాకు ఇవ్వరు, స్టేషన్‌లో ఎప్పుడు తేలుతుందో చెప్పలేం, కస్టమర్ ఇంటి తలుపు దగ్గరికి మనిషిని పంపుతున్నప్పుడు ఏదో ఒకటి చూడకుండా ఎలా పంపుతాం అంటారు. అందులో న్యాయం ఉంది. కానీ ఆ 'ఏదో ఒకటి' ఏమిటో చూడాలి. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్‌లో ఎవరైనా పార్టీ పేరు కొట్టి వెతకొచ్చు. అక్కడ వచ్చే ఫలితంలో ఆధార్ నంబరుండదు, ఫొటో ఉండదు. కేసు కొట్టేసినా పేరు అలాగే కనపడుతుంది. వర్కర్ల వైపు నుంచి వినిపించే ఫిర్యాదు ఇదే. ఐడీ బ్లాక్ అయిందని యాప్ చెబుతుంది, ఎందుకో చెప్పదు. పేరు కలిసిందా, కేసు కలిసిందా, ఫొటో కలవలేదా? అడగడానికి మనిషుండడు, హెల్ప్‌లైన్‌లో మళ్లీ ఆధార్ అప్‌లోడ్ చేయమంటారు.

ప్రభుత్వోద్యోగాల్లో కనీసం వాదించుకునే చోటుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచ్, చిన్న వయసులో నినాదాలు చేసినందుకు పడ్డ కేసు లాంటి చిల్లర వ్యవహారాన్ని ఫారంలో రాయకపోయినా యాజమాన్యం తన విచక్షణతో క్షమించవచ్చంది. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఉన్న ఈ వెసులుబాటు బిర్యానీ డెలివరీకి లేదు.

ఇక జిరాక్సుల విషయం. కొత్త నిబంధన వస్తోందంటే అందరూ ఉలిక్కిపడ్డారు గానీ, అసలు నిషేధం కొత్తది కాదు. 2018 సెప్టెంబరు 26 తీర్పులో ఆధార్ చట్టం 57వ సెక్షన్ కింద ప్రైవేటు సంస్థలు ఆధార్ వాడుకునే వీలును సుప్రీంకోర్టు కొట్టేశాక, 2019లో చట్టాన్ని సవరించారు. అప్పుడు చేర్చిన 8ఏ సెక్షన్, ఆఫ్‌లైన్‌లో సరిచూసుకునే సంస్థ ఏదీ ఆధార్ నంబరును సేకరించకూడదని, దాచకూడదని చెప్పింది. చట్టాన్ని మీరితే కోటి రూపాయల దాకా జరిమానా వేసే అధికారమూ ఆ సవరణతోనే వచ్చింది. అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ రూమ్‌లో పనిమనుషుల ఆధార్ కాపీలున్న ఫైలును అప్పట్నుంచీ ఎవరూ కదిలించలేదు. 2022 మే 27న యూఐడీఏఐ బెంగళూరు ఆఫీసు, జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దని హెచ్చరించింది. రెండు రోజుల్లో కేంద్రం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది, జనం అపార్థం చేసుకుంటారని. చట్టంలో ఉన్నమాటే చెప్పినందుకు!

మరోవైపు 2025 జనవరి 31న వచ్చిన సవరణ నిబంధనలు ప్రైవేటు సంస్థలు కూడా, అనుమతి తీసుకుని, ఆధార్ అథెంటికేషన్ వాడుకునే దారి తెరిచాయి. అంటే జిరాక్సు పోయి ముఖం స్కాన్ వస్తుంది. కార్డు అసలుదేనని, కార్డులో మనిషి ఇతనేనని తేలిపోతుంది. అతని మీద కేసుందా అన్నదానికి మాత్రం 2014లో ఎక్కడున్నామో దాదాపు అక్కడే ఉంటాం.

తేలాల్సింది ఇంకొకటుంది. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. ఆ చట్టంలోని ఏడో సెక్షన్, ఉద్యోగానికి సంబంధించిన అవసరాలకూ, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడానికీ మనిషి అనుమతి లేకుండా సమాచారం వాడుకోనిస్తుంది. డెలివరీ, క్యాబ్ కంపెనీలు ఇన్నేళ్లుగా తమ దగ్గర పనిచేసేవాళ్లు ఉద్యోగులు కారని, పార్ట్‌నర్లని చెబుతూ వచ్చాయి. పీఎఫ్ అడిగితే పార్ట్‌నర్ అయిన మనిషి, రికార్డు వెతికేటప్పుడు ఉద్యోగి అవుతాడా అన్నది గడువు ముగిసేలోగా ఏదో ఒక కోర్టులో ఎవరో ఒకరు అడగక తప్పదు.