ఆజాద్ వీసా అనేదే లేదు: గల్ఫ్ జీతాలపై అపోహలు, వాస్తవాలు

జగిత్యాల వైపు గల్ఫ్ కార్మికుల కేసులు చూస్తుంటాను. వారం తిరక్కుండా ఎవరో ఒకరు ఇదే నమ్మకంతో మునిగి వస్తారు.

అపోహ: ఆజాద్ వీసా, అంటే ‘ఫ్రీ వీసా’, కొనుక్కుంటే ఎక్కడ ఎక్కువ జీతమిస్తే అక్కడ చేసుకోవచ్చు.

అలాంటి వీసా ఏ గల్ఫ్ దేశ చట్టంలోనూ లేదు. సౌదీ వీసా మీద ఒక కఫీల్ (స్పాన్సర్ యజమాని) పేరుంటుంది. అతని దగ్గర పనుండదు, అకామా (అక్కడుండేందుకు ఇచ్చే కార్డు) రెన్యువల్‌కని డబ్బు మాత్రం గుంజుతాడు. మీరు బయట ఇంకెవరి దగ్గరో చేస్తారు. వాడు మూడు నెలల జీతం ఎగ్గొడితే కేసు ఎవరి మీద వేస్తారు? ‘నా మనిషే కాదు’ అంటాడు. కాగితం ప్రకారం నిజమే మరి! కఫీల్‌కు కోపమొస్తే పారిపోయాడని అక్కడి సర్కారుకు ఫిర్యాదు (హురూబ్) పెడతాడు. ఆపైన పట్టుబడితే డిపోర్టేషనే.

మొన్న ఒక చెల్లె వచ్చింది. కంప్లైంట్ రాద్దామని కంపెనీ పేరు అడిగితే భర్త పంపిన ఫొటోలు చూపించింది. అకామా మీద ఒక పేరు, ఆయన వేసుకున్న జాకెట్ మీద ఇంకో పేరు. వీసాకు లక్షన్నర తెచ్చారు, నూటికి రెండు రూపాయల వడ్డీ. జీతం వచ్చినా రాకున్నా నెలకు 3,000 కట్టాల్సిందే. “పైసలు పోతే పోనీ సార్, మనిషి ఇంటికొస్తే చాలు” అంది. ఇలాంటివాళ్లను ఏమనగలం? వాట్సాప్‌లో ‘ఫ్రీ వీసా’ అని తిప్పేవాళ్లను అనాలి.

ఏజెంటుకు లక్షలు పోయాల్సిందేనా? లైసెన్సున్న ఏజెంటు 30,000, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు.

విజిట్ వీసా మీద వెళ్లి మార్చుకోవచ్చా? మారేదాకా చేసిన పనికి కాంట్రాక్టుండదు. ఈసీఆర్ పాస్‌పోర్టువాళ్లు (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సినవాళ్లు) అలా వెళితే 10 లక్షల ప్రవాసీ బీమా కూడా ఉండదు.

నేపాలీలు తక్కువకు వస్తున్నారు కాబట్టే మన జీతాలు పెరగడం లేదా? సగమే నిజం. 2020 సెప్టెంబరులో గల్ఫ్‌కు వెళ్లే మన కార్మికుల కనీస రిఫరల్ వేతనాన్ని (ఇంతకు తక్కువ జీతానికి పంపొద్దని పెట్టిన హద్దు) తగ్గించింది మన కేంద్ర ప్రభుత్వమే. ఖతర్, యూఏఈలకు 200 డాలర్లు చేసింది. కేసు తెలంగాణ హైకోర్టుదాకా వెళ్లాక 2021 జులైలో వెనక్కి తీసుకుంది. అదే ఏడాది మార్చి నుంచి ఖతర్‌లో ఏ దేశంవాళ్లకైనా కనీస జీతం 1,000 రియాళ్లు. తిండి పెట్టకపోతే 300, గది ఇవ్వకపోతే 500 అదనం. అక్కడికి వెళ్లేవాళ్లు తిండి, గది ఖర్చు ఎవరిదో కాంట్రాక్టులో చదివించుకున్నాకే సంతకం పెట్టండి.