జూనో కళ్లు, ఇంద్రుడి కళ్లు

జర్మనీలోని కొలోన్ నగరంలో, వాల్‌రాఫ్ మ్యూజియంలో దాదాపు మూడు మీటర్ల వెడల్పున్న తైలవర్ణ చిత్రం ఒకటి ఉంది. పీటర్ పాల్ రూబెన్స్ 1610 ప్రాంతంలో వేశాడు. తల తెగిన మొండెం నేల మీద పడి ఉంటుంది. ఎర్రటి దుస్తుల్లో ఉన్న జూనో దేవత ఆ తలలోని కళ్లు తీయించి నెమలి పింఛానికి పెట్టబోతోంది. ఆకాశంలో ఇంద్రధనుస్సు.

కథ రోమన్ కవి ఓవిడ్ చెప్పింది. దేవతల రాజు జూపిటర్ ఇయో అనే కన్యను మోహించాడు. భార్యకు దొరికిపోతానని ఆమెను తెల్లని పెయ్యగా మార్చేశాడు. జూనో ఊరుకుంటుందా? ఆ పెయ్యను అడిగి పుచ్చుకుని, వంద కళ్ల ఆర్గస్‌ను కాపలా పెట్టింది. వాడు నిద్రకు రెండేసి కళ్లే మూసేవాడు. జూపిటర్ పంపిన మెర్క్యురీ దేవుడు వచ్చి, పిల్లనగ్రోవి ఊది, కథలు చెప్పి, కళ్లన్నీ మూతపడగానే మెడ నరికాడు. కావలివాడి కళ్లను జూనో తన పక్షికి అలంకరించుకుంది.

ఇది చదివినప్పుడల్లా నాకు ఉత్తరకాండ గుర్తొస్తుంది. మరుత్తుడి యజ్ఞానికి రావణుడు వచ్చిపడితే దేవతలు హడలిపోయి పక్షుల, జంతువుల రూపాల్లో దాక్కుంటారు. ఇంద్రుడు నెమలి అవుతాడు. గండం గడిచాక, అంతవరకు ఒట్టి నీలంగా ఉన్న పింఛానికి తన వేయి కళ్లను వరంగా ఇస్తాడు. నెమలి మన గడ్డ మీది పక్షి, ఇక్కణ్ణుంచే పడమటి దేశాలకు చేరింది. అక్కడా ఇక్కడా ఆ మచ్చ మనిషికి కన్నుగానే కనిపించింది.

రూబెన్స్‌కు కాంతి శాస్త్రమంటే ఇష్టం. 1613లో ఆంట్‌వెర్ప్‌లో అచ్చయిన అగిలోనియస్ కాంతి శాస్త్ర గ్రంథానికి బొమ్మలు వేసింది ఆయనే. అయినా నెమలి పింఛం ఏ చిత్రకారుడికైనా చిక్కు సమస్యే. అందులో నీలం రంగు పదార్థమే లేదు, ఆకుపచ్చదీ లేదు. ఉన్నది మెలనిన్, మన జుట్టును నల్లగా ఉంచేదే. నెమలీకను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి ఇవతలి నుంచి చూడండి. నీలం మాయమై మట్టి రంగు మిగులుతుంది. తడిపితే ఆ రంగులు పోతున్నాయని 1665లోనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ రాశాడు.

ఈకలోని అతి సన్నని పోగుల్లో, పైపొర కింద, మెలనిన్ కడ్డీలు గళ్ల జాలీలా పేర్చి ఉంటాయి. వాటి మధ్య ఎడమే రంగును తేలుస్తుంది. సుమారు 140 నానోమీటర్లయితే నీలం వెలుగు మన కంటికి తిరిగొస్తుంది. 150 అయితే ఆకుపచ్చ. ఇంకాస్త పెరిగితే పసుపు. షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2003లో దీన్ని కొలిచి చూపారు. నీలానికీ పచ్చకూ మధ్య తేడా పదే నానోమీటర్లు, తలవెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు! ఆ లెక్క తప్పకుండా పక్షి ఒంట్లో ప్రతి ఏడూ కొత్త పింఛం మొలుస్తుంది.

ఇంద్రధనుస్సులోనూ రంగు పదార్థం లేదు, అంతా నీటి చుక్కల్లో వంగిన వెలుగే. ఆ రెంటినీ రూబెన్స్ ఒకే బట్ట మీద, నూనెలో కలిపిన రంగుల పొడులతోనే వేశాడు. చిత్రం ముందు మీరు ఎటు జరిగినా ఆ కళ్ల రంగు అలాగే ఉంటుంది. పొలం గట్టు మీది నెమలి ఒక్క అడుగు పక్కకు వేస్తే నీలం పచ్చలోకి జారిపోతుంది.