రీ మాస్టెన్‌బ్రూక్: అపోహలు – వాస్తవాలు

రోటర్‌డామ్ అమ్మాయి రీ మాస్టెన్‌బ్రూక్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 17 ఏళ్లకే మూడు స్వర్ణాలు, ఒక రజతం గెలిచింది. స్విమ్మింగ్ కోచ్‌గా ఆమె పేరు ఎత్తినప్పుడల్లా పిల్లల తల్లిదండ్రుల నుంచి నాకు వినిపించే మాటలివి.

అపోహ: "బెర్లిన్‌లో వంద మీటర్ల ఫ్రీస్టైల్‌కు ఆమెకు 1:05.9 (ఒక నిమిషం 5.9 సెకన్లు) పట్టిందా? ఇప్పుడు క్లబ్ పిల్లలే ఆ టైమ్ కొట్టేస్తున్నారు!"

వాస్తవం: కొడతారు, కాదనను. నేటి మహిళల ప్రపంచ రికార్డు 51.71 సెకన్లు. కానీ అప్పుడు రేసుల్లో గాగుల్స్ లేవు. ఈతగాళ్ల వరసల మధ్య కట్టే, అలల్ని అణిచే లేన్ రోప్స్ కూడా లేవు, పక్కవాళ్లు లేపిన నీళ్లు మొహానికి కొడుతుంటే ఈదాల్సిందే. ఆమెను పోల్చాల్సింది ఆనాటి వాళ్లతో. తోటి డచ్ స్విమ్మర్ విల్లీ డెన్ ఔడెన్ 1936లోనే పెట్టిన 1:04.6 ప్రపంచ రికార్డును బద్దలు కొట్టడానికి 1956లో ఆస్ట్రేలియా స్విమ్మర్ డాన్ ఫ్రేజర్ రావాల్సి వచ్చింది. ఆ విల్లీ కూడా దిగిన బెర్లిన్ వంద మీటర్ల ఫైనల్లోనే రీ స్వర్ణం గెలిచింది.

అపోహ: "మా అమ్మాయిది బ్యాక్‌స్ట్రోక్ (వెల్లకిలా ఈత) అండీ, ఫ్రీస్టైల్ చేయిస్తే అసలుది పాడైపోతుంది."

వాస్తవం: ఇది విన్నప్పుడల్లా నాకు చిరాకే. 1934లో మాగ్డెబర్గ్ యూరోపియన్ పోటీల్లో రీ 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్, 400 మీటర్ల ఫ్రీస్టైల్ రెండూ గెలిచింది. బెర్లిన్‌లో 100, 400 ఫ్రీస్టైల్, రిలే స్వర్ణాలు పట్టేసి, బ్యాక్‌స్ట్రోక్‌లో మాత్రం రెండో స్థానంలో ఆగింది.

ఆ బ్యాక్‌స్ట్రోక్ ఫైనల్ చూడండి. అప్పటి నియమం ప్రకారం వెల్లకిలా ఉండగానే గోడను చేత్తో తాకి తిరగాలి. గెలిచిన నీడా సెన్ఫ్, ఈమె కూడా డచ్ అమ్మాయే, టర్న్ దగ్గర గోడను తాకలేకపోయింది. వెనక్కొచ్చి తాకి, మళ్లీ బయల్దేరి 1:18.9కి ముగించింది. రీ టైమ్ 1:19.2. అవతలి మనిషి టర్న్‌లో తడబడ్డా మిగిలిన తేడా 0.3 సెకన్లు! టర్న్ ప్రాక్టీస్ అనగానే మొహం ముడుచుకునే పిల్లలకు ఈ రేసే చెబుతాను, వాళ్లు ఎప్పుడూ నీడా పక్షమే.

అపోహ: "ఆ రోజుల్లో కోచ్‌లంతా మగవాళ్లే."

వాస్తవం: రీని తయారుచేసింది 'మా బ్రౌన్' అని అందరూ పిలిచే మహిళ. ఆవిడ సొంత కూతురు మేరీ 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బ్యాక్‌స్ట్రోక్ స్వర్ణం గెలిచింది.

అపోహ: "అన్ని మెడల్స్ వచ్చాక ఇక లైఫ్ సెటిల్."

వాస్తవం: 1937లో రీ ఈత నేర్పే పనిలో చేరింది. నాటి పోటీలు అమెచ్యూర్లకే, అంటే ఆటతో డబ్బు సంపాదించని వాళ్లకే; ఈత నేర్పి డబ్బు తీసుకుంటే ప్రొఫెషనల్ కిందే లెక్క. అంతే, 18 ఏళ్లకే పోటీలకు తెర పడింది. ఆ లెక్కన, నెలనెలా ఫీజులు తీసుకుంటూ మాస్టర్స్ మీట్‌లలో (పెద్దవాళ్లకు వయసుల వారీగా జరిగే ఈత పోటీల్లో) దిగే నన్ను అప్పట్లో గేటు దగ్గరే ఆపేసేవాళ్లు.