చవక ఫోనుకు తాళం ఎందుకు ఆలస్యమైంది?

శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలి చుట్టుపక్కల సెల్‌ఫోన్ మరమ్మతు దుకాణాలకు పాత చవక ఆండ్రాయిడ్ ఫోన్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. తెర మీద పిన్ ఉన్నా, వాటిలో కొన్నింటి మెమరీలోని సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మారి, ఉండదు. చిప్‌ను ఊడదీసి రీడర్‌కు తగిలిస్తే పిన్‌తో పని లేకుండానే ఫొటోలు, బ్యాంకు సందేశాలు చదవవచ్చు. ఈ లోపానికి మూలం ప్రాసెసర్‌లో ఉంది.

2001లో అమెరికా ప్రమాణంగా ప్రకటించిన ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో ప్రతి బైటునూ 256 గళ్ల పట్టిక చూసి మరో బైటుగా మార్చాలి. వేగం కోసం ప్రోగ్రామర్లు ఆ పట్టికను మరికొన్ని లెక్కలతో కలిపి, ఒక్కొక్కటి ఒక కిలోబైటు ఉండే నాలుగు పెద్ద పట్టికలుగా మలిచారు. అయితే ఏ గడిని చదవాలన్నది రహస్య తాళంచెవి మీద ఆధారపడుతుంది కాబట్టి, ఆ గడి క్యాష్‌లో, అంటే ప్రాసెసర్‌లోని చిన్న వేగవంతమైన మెమరీలో, ఉందో లేదో అన్నదాన్ని బట్టి మారే సమయాన్ని కొలిచి తాళంచెవినే రాబట్టవచ్చని 2005లో గూఢలిపి నిపుణుడు డేనియల్ బెర్న్‌స్టీన్ చూపించారు. పట్టికలు వదిలేస్తే సాధారణ కోడ్ నెమ్మదిస్తుంది, ఉంచితే గుట్టు బయటపడుతుంది. 2010లో ఇంటెల్ తన ప్రాసెసర్లలో ఏఈఎస్‌కు ప్రత్యేక సూచనలనే (ప్రాసెసర్ నేరుగా చేసే ఆదేశాలనే) చేర్చి ఈ చిక్కు తీర్చింది. ఫోన్ ప్రాసెసర్ల నమూనాలు రూపొందించే ఏఆర్ఎమ్ కూడా 2011లో ప్రకటించిన ఎనిమిదో తరం నిర్మాణంలో వాటికి చోటిచ్చింది, కాకపోతే ఐచ్ఛికంగా. చవక ఫోన్లలో విరివిగా వాడిన ఏఆర్ఎమ్ ప్రాసెసర్ కార్టెక్స్-ఏ7 ఏడో తరానిది కాబట్టి దానికి ఆ భాగ్యం లేదు.

అందుకే 2015లో ఆండ్రాయిడ్ 6 ఎన్‌క్రిప్షన్‌ను తప్పనిసరి చేస్తూనే, ఏఈఎస్ వేగం సెకనుకు 50 మెబీబైట్ల (సుమారు 52 మెగాబైట్ల) లోపు ఉన్న ఫోన్లకు మినహాయింపు ఇచ్చింది. సోంపేట నుంచో ఇచ్ఛాపురం నుంచో వలస వెళ్లి, ఫోనునే పాస్‌బుక్కుగా వాడుకునే కూలీ కొనేది ఎక్కువగా ఆ తరగతి ఫోన్లే కావడం నాకు ఇందులో అన్నిటికన్నా కష్టంగా తోచే సంగతి.

దారి మరో పద్ధతిలో దొరికింది. బెర్న్‌స్టీన్ 2008లో రూపొందించిన ఛాఛా20 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో పట్టికలే లేవు. 32 బిట్ల సంఖ్యలను కూడటం, బిట్లను గుండ్రంగా తిప్పటం, ఎక్స్-ఆర్ చేయటం (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0 ఇవ్వటం) తప్ప వేరే పని లేదు. ఏ7లో ఒకే సూచనతో పలు సంఖ్యలను లెక్కించే నియాన్ అనే విభాగం అలాంటి సంఖ్యలు నాలుగింటిని ఒకే సూచనతో లెక్కిస్తుంది. బిట్లను తిప్పడానికి నియాన్‌లో నేరుగా సూచన లేకపోయినా, 16 బిట్ల తిప్పుడు రెండు సగాలను తారుమారు చేయడమే కనుక దానికి ఒక్క సూచన చాలు. మిగతా వాటిని రెండు జరుపుళ్లతో సాధించవచ్చు. ప్రోగ్రామును ప్రాసెసర్ భాషలోకి మార్చే కంపైలర్ అన్నిసార్లూ ఇంత పొదుపుగా రాయదు కాబట్టి ఇలాంటి భాగాలను ఒక్కో ప్రాసెసర్‌కు విడిగా అసెంబ్లీలో, అంటే ప్రాసెసర్ సూచనలనే నేరుగా రాసే భాషలో, చేత్తో రాస్తారు.

2019 ఫిబ్రవరిలో గూగుల్ ప్రకటించిన అడియాంటమ్ అనే ఎన్‌క్రిప్షన్ ఏర్పాటు ఛాఛానే 20 ఆవృత్తులకు బదులు 12 ఆవృత్తులకు కుదించి, 4096 బైట్ల సెక్టారుకు (నిల్వలోని ఒక ముక్కకు) ఏఈఎస్‌ను ఒక్కసారి మాత్రమే వాడుతుంది. ఏ7 మీద అది అంతకు ముందున్న ఏఈఎస్ ఏర్పాటు కంటే సుమారు ఐదు రెట్లు వేగంగా నడిచింది. అదే ఏడాది ఆండ్రాయిడ్ 10తో విడుదలయ్యే ఫోన్లన్నిటికీ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరైంది. అప్పటికే అమ్ముడైపోయిన ఫోన్లకు ఆ నిబంధన వర్తించలేదు.