జమ్మి బంగారం

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

దసరా నాడు మీరు నా చేతిలో పెట్టి కాళ్లకు మొక్కిన బంగారం ఇంకా నా పుస్తకం మధ్యనే ఉంది. ఆకులు రాలిపోయినా ఈనెలు మిగిలాయి. మర్నాడు నేను హనుమకొండ బస్సు ఎక్కబోతుంటే చిన్నది ఒక మాట అడిగింది. "తాతయ్యా, మనం తెచ్చింది జమ్మేనా? చెరువు కట్ట మీద కూడా ఇలాంటి ఆకులే ఉన్నాయి కదా!" బస్సు కదిలిపోయింది, జవాబు నా దగ్గరే ఉండిపోయింది.

ఎంత మంచి ప్రశ్న అడిగావమ్మా! కట్ట మీద ఉన్నది సర్కారు తుమ్మ. పెద్దవాళ్లు కూడా దాన్ని జమ్మి అనుకుని తుంచుకొస్తుంటారు.

పెళ్లిళ్లలో ముసలమ్మలను చూశారు కదా. ఎవరి పిల్లవాడైనా ఎదురుపడితే పేరు అడగరు. గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, "నువ్వు ఫలానా వారి మనవడివి కదూ" అంటారు. ముక్కు చూస్తారు, చెవి తమ్మె చూస్తారు, నడక చూస్తారు, ఎవరి పక్కన కూర్చున్నాడో చూస్తారు. చెట్టును పోల్చుకోవడం కూడా అంతే. ఆకు ముఖం లాంటిది. అదొక్కటే చూస్తే దాయాదుల పిల్లలంతా ఒకేలా కనిపిస్తారు. జమ్మి, సర్కారు తుమ్మ దాయాదులే. రెండింటివీ చింతాకు లాంటి చిట్టి ఆకులే. అందుకే ముఖం వదిలేసి చేతులు చూడాలి. సర్కారు తుమ్మ కొమ్మకు ముళ్లు ఆకు మొలిచే కణుపు దగ్గరే ఉంటాయి, చాలావరకు జంటగా, పొడుగ్గా. జమ్మి ముళ్లు పొట్టివి, అడుగున వెడల్పు, కణుపుల నడుమ ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. ఇక చెవి తమ్మెలు, అంటే కాయలు. సర్కారు తుమ్మ కాయ లావుగా, పండితే పసుపు రంగులో ఉంటుంది. జమ్మి కాయ సన్నగా వేలాడుతుంది. ఒంటి రంగు కూడా చూడండి. జమ్మి ఆకుపచ్చలో కాస్త బూడిద కలిపినట్టు ఉంటుంది. ఇక ఎవరి పక్కన కూర్చుంది అంటారా, సర్కారు తుమ్మ గుంపుగా పొదలు కట్టి దారి మూసేస్తుంది. జమ్మి పొలం గట్టున ఒంటరిగా నిలబడుతుంది, దాని నీడలో పైరు కూడా పండుతుంది. ఒకటి ఈ నేలలో పుట్టిన ఆడపడుచు. మరొకటి అమెరికా ఖండాల నుంచి 1870లలో మన దేశానికి వచ్చిన చుట్టం. వంటచెరకు కోసం నాటిస్తే ఊరూరా పాతుకుపోయింది.

ఇదంతా నేను పుస్తకంలో చదవలేదు. మా నానమ్మ నేర్పింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నర్సంపేట దగ్గర పల్లె మాది. నానమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు కమ్మి మనిషి నీడ మాత్రమే కనిపించేది. దసరా సాయంత్రం పాలపిట్టను చూసి వస్తూ అందరికంటే ముందు నానమ్మకే బంగారం ఇవ్వాలని కట్ట మీది కొమ్మ విరిచి తెచ్చాను. ఆమె అందుకుని బొటనవేలితో రెమ్మను కింది నుంచి పైకి మెల్లగా నిమిరింది. కణుపు దగ్గర వేలు ఆగింది. పై కణుపు దగ్గర మళ్లీ ఆగింది. "ఇది మన జమ్మి కాదు బిడ్డా" అంది. అయినా ఆ రెమ్మను కళ్లకద్దుకుని, ఆ తర్వాతే పక్కన పెట్టింది. కర్ర అందుకుని, నా భుజం పట్టుకుని, చీకటి పడుతున్న వేళ పొలం గట్టు దాకా నడిచింది. నా అరచేతిని జమ్మి మొద్దుకు ఆనించి దాని మీద తన చేయి ఉంచింది. ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు తీసిన బెరడు అది. "చూడకు, ముట్టుకో" అంది. పాండవులు తమ ఆయుధాలను మూటగట్టి దాచింది ఇలాంటి చెట్టు మీదేనని, శ్మశానం పక్కన ఉన్న ఆ ముళ్ల చెట్టును ఎక్కే ధైర్యం ఎవరికీ ఉండదనే దాన్ని ఎంచుకున్నారని అక్కడే నిలబడి చెప్పింది. "శమీ శమయతే పాపం" అని మనం కాగితం మీద రాసి చెట్టు దగ్గర ఉంచుతామే, ఆ శ్లోకంలో అర్జునుడి విల్లు ప్రస్తావన ఉన్నది అందుకే.

రాజస్థాన్‌లో ఈ చెట్టునే ఖేజ్రీ అంటారు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ అనే పల్లెలో రాజు మనుషులు ఈ చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవి అనే బిష్ణోయి సమాజపు ఇల్లాలు చెట్టును కావలించుకుని ప్రాణం ఇచ్చింది. ఆమె వెనకే ఒకరి తర్వాత ఒకరు, మొత్తం 363 మంది. మన తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా జమ్మే. అలాంటి చెట్టును పండుగ పేరుతో కొమ్మలకు కొమ్మలు విరిచి మోడు చేయడం నాకు బాధగా ఉంటుంది. ఇంటికి ఒక్క రెమ్మ చాలు పిల్లలూ.

ఇంకో సంగతి. మండు వేసవిలో చుట్టూ గడ్డి పరక కూడా మిగలని రోజుల్లో జమ్మి కొత్తగా చిగురిస్తుంది. దాని వేర్లు మన చేదబావుల అడుగును కూడా దాటి పోతాయి. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ఆ లేత చిగురు చూసినప్పుడల్లా నాకు మాట రాదు. ఇంక వివరించను. ఆ ఎండలో మీరే వెళ్లి చూడండి.

ఈ ఆదివారం మాత్రం ఒక పని చేయండి. మీ అమ్మను వెంటబెట్టుకుని కట్ట మీదికి ఒకసారి, పొలం వైపు ఒకసారి వెళ్లండి. కళ్లు మూసుకుని రెండు కొమ్మలనూ మెల్లగా నిమరండి, వేలు ఎక్కడ ఆగుతుందో గమనించండి. తర్వాత రెండు రెమ్మలూ ఒకే కవరులో పెట్టి పంపండి. ఏది ఏమిటో రాయకండి. ముళ్లు మాత్రం తీయకండి.

మీ తాతయ్య